జోసెఫీన్ - గులాబి తోట

గులాబి మన పూవే అన్నంతగా మనలో కలిసిపోయింది. కాని మన ప్రాచీన కవులు పెద్దపీట వేసింది తామరకు, కలువకు, మల్లెకు, మొల్లకు, సంపెంగకు, పొగడకు గాని గులాబికి కాదు. ఆ పేరే మనకు పారసీకం నుండి వచ్చింది. ఆ భాషలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. రెండూ కలిస్తే పన్నీరు. అంటే పన్నీటి పేరును మనం పూవుకు పెట్టుకున్నామన్నమాట. రోజా అనే రెండవ పేరు ఐరోపా వర్తకుల ఓడలతో దిగింది. పెండ్లి పందిట్లో చల్లే పన్నీరు, దండలో గుచ్చే పూలు, వైద్యుడు ఇచ్చే గుల్కందు, పెరటి కుండీలో విరిసే ఎర్రని పువ్వు - ఇన్ని విధాల మన బ్రతుకుల్లో అల్లుకొనిపోయిన ఈ మొక్క చరిత్ర మాత్రం మనలో చాలామందికి తెలియదు.

కడియం ప్రాంతపు నర్సరీలకు వెళ్ళి గులాబి అంటు కావాలని అడిగి చూడండి. ఏ రకం కావాలన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. హైబ్రిడ్ టీ, ఫ్లోరిబండా, తీగ గులాబి, బటన్ రోజా, ఎడ్వర్డ్ రోజా అంటూ పేర్లు వరుసగా వినిపిస్తాయి. ఇవి అమ్మకందారు తోచినట్లు పెట్టుకున్న పేర్లు కావు. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క వంశచరిత్ర వున్నది. ఆ వంశవృక్షపు కొమ్మలు పట్టుకొని వెనుకకు నడిస్తే, రెండువందల ఏండ్ల క్రితం పారిస్ నగరానికి పడమటి దిక్కున వుండిన ఒక తోట దగ్గరకు చేరుకుంటాము. ఆ తోట యజమానురాలు నెపోలియన్ చక్రవర్తి మొదటి భార్య, జోసెఫీన్. చరిత్రకారులు ఆమెను భర్త కథలో ఒక అధ్యాయంగా చెప్పి విడిచిపెడుతూ వుంటారు. తోటలను ప్రేమించేవారికి ఆమె కథ వేరుగా చెప్పుకోదగినది.

కరీబియను సముద్రంలో మార్టినీక్ అనే చిన్న ద్వీపం వున్నది. అది ఆనాడు ఫ్రాన్సుకు వలస రాజ్యం. అక్కడ త్రువాజిలే అనే గ్రామంలో 1763 జూన్ 23వ తేదీన ఒక చెరకు తోటల యజమాని ఇంట ఆమె పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మరీ జోసెఫ్ రోజ్ తాషే ద లా పాజెరీ. ఇంటిలోనివారు, స్నేహితులు పిలిచినది మాత్రం రోజ్ అనే. గులాబి పేరుతోనే ఆమె ముప్పది రెండేండ్లు బ్రతికింది. జోసెఫీన్ అన్నది తరువాత నెపోలియన్ పెట్టుకున్న పేరు.

పేరుకు భూస్వాములే అయినా ఆ కుటుంబానికి కలిమి నిలువలేదు. 1766లో వచ్చిన పెనుతుపాను వారి ఇంటిని నేలమట్టం చేసింది. మళ్ళీ ఇల్లు కట్టుకొనే శక్తి లేక వారు చక్కెర వండే కట్టడంలోనే పై అంతస్తులో కాపురం పెట్టారు. ఆ చక్కెర తీపి వెనుక ఆఫ్రికా నుండి పట్టి తెచ్చిన బానిసల చెమట వున్నది. పచ్చని చెట్ల మధ్య, వెచ్చని గాలిలో, ఏడాది పొడుగునా పూలు పూచే నేలమీద ఆ బాలిక పెరిగింది. ఆ పచ్చదనం ఎవరి కష్టంమీద నిలిచినదో కూడా ఆమె కథ చెప్పేవారు మరువరాదు.

పదహారవ ఏట, 1779లో, ఆమెను ఫ్రాన్సుకు తీసుకొనిపోయి అలెగ్జాండర్ ద బోఆర్నే అనే యువ ప్రభువుకు ఇచ్చి పెండ్లి చేశారు. భర్త చదువుకున్నవాడు, నాజూకు తెలిసినవాడు. ద్వీపం నుండి వచ్చిన ఈ పల్లెటూరి పిల్ల అతని కంటికి ఆనలేదు. 1781లో యూజీన్ అనే కొడుకు, 1783లో ఓర్తాన్స్ అనే కూతురు కలిగారు. ఆ కూతురు పుట్టిన కొద్దికాలానికే దంపతులు విడిపోయారు. 1788లో ఆమె బిడ్డతో పుట్టింటికి చేరి రెండేండ్లు వుండి, తిరిగి పారిస్ వచ్చేసరికి ఫ్రాన్సులో విప్లవం రగులుకొని వున్నది.

విప్లవం మొదట్లో అలెగ్జాండర్‌ను అందలమెక్కించింది. తరువాత అదే విప్లవం అతనిని చెరసాలలో పెట్టింది. 1794 ఏప్రిల్ నెలలో ఆమెను కూడా కార్మ్ అనే మఠాన్ని మార్చి చేసిన కారాగారంలో బంధించారు. జూలై 23న అలెగ్జాండర్ తల తెగింది. ఆ తరువాత అయిదు రోజులకే ఈ మరణశాసనాలకు మూలపురుషుడైన రోబెస్పియర్ తల కూడా అదే కత్తికింద పడింది. ఆ అయిదు రోజులే ఆమె ప్రాణాన్ని కాపాడాయి. ఆగస్టులో విడుదల అయి బయటకు వచ్చేనాటికి ఆమె ముప్పది ఒక్క ఏండ్ల వితంతువు. ఇద్దరు పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేని స్థితి.

తరువాతి కథ లోకానికి తెలిసినదే. తనకంటె ఆరేండ్లు చిన్నవాడైన నెపోలియన్ బోనపార్టీ అనే సేనాని ఆమెను వలచి, 1796 మార్చి 9న వివాహమాడాడు. రోజ్ అనే పేరు ఇతరుల నాలుకలమీద నలిగినదని కాబోలు, ఆమె పేరులోని జోసెఫ్ అనే భాగాన్ని తీసుకొని జోసెఫీన్ అని తనకోసం ఒక కొత్త పేరు కల్పించుకున్నాడు. లోకమంతా ఆ పేరునే అంగీకరించింది. గులాబి ఆమె పేరులో నుండి వెళ్ళిపోయింది. మరి మూడేండ్లకు తోటలోకి వచ్చింది.

1799లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రలో వుండగా, ఆమె పారిస్‌కు పన్నెండు కిలోమీటర్ల దూరంలో మాల్మెజాన్ అనే పాత భవంతిని, దాని చుట్టూ వున్న భూములను కొన్నది. ఫ్రెంచి భాషలో ఆ పేరుకు చెడ్డ ఇల్లు అని అర్థం. సొమ్ము చేతిలో లేకుండానే బేరం కుదుర్చుకున్నది. ఈజిప్టు నుండి తిరిగివచ్చిన భర్త మొదట కోపించినా తానే ఆ ధర చెల్లించాడు. కొద్దికాలంలోనే ఆ ఇల్లు ఇద్దరికీ ప్రీతిపాత్రమయింది. 1804 డిసెంబరు 2న నోత్రదాం మహాలయంలో నెపోలియన్ స్వహస్తాలతో ఆమె తలపై కిరీటం పెట్టాడు. ఆమెకు రాజప్రాసాదాలు ఎన్నో వచ్చాయి. కాని మనసు నిలిచినది మాల్మెజాన్‌లోనే.

ఆ తోటను ఆమె తీర్చిన పద్ధతిలో ఒక విశేషం వున్నది. ఫ్రెంచి రాజుల తోటలు గీత గీసి కొలిచినట్లు వుంటాయి. జోసెఫీన్ వంపులు తిరిగే దారులు, వాగులు, స్వేచ్ఛగా పెరిగే చెట్లతో కూడిన ఆంగ్లేయ పద్ధతిని వరించింది. బొగ్గు పొయ్యిలతో వెచ్చబరచే పెద్ద గాజుటిల్లు కట్టించింది. మంచు కురిసే శీతకాలంలో కూడా అనాసలు, ఉష్ణదేశపు పూలు అందులో బ్రతికేవి. ఆస్ట్రేలియా తీరాలు చూడబోయిన బోదాన్ నౌకాయాత్ర నుండి వచ్చిన నల్ల హంసలు ఆమె చెరువులో ఈదేవి. కంగారూలు పచ్చికలో తిరిగేవి. ఫ్రాన్సు నేలమీద అంతకుముందు ఎన్నడూ పూయని మొక్కలు దాదాపు రెండువందలు ఆమె తోటలో మొదటిసారిగా పూచాయని వృక్షశాస్త్ర చరిత్రకారులు లెక్క కట్టారు. నేడు ప్రతి ఇంటి ముంగిట కనిపించే డాలియాను ఆ రోజులలో ముచ్చటపడి పెంచినవారిలో ఆమె ఒకతె.

ఇది కేవలం రాణివారి వేడుక అయితే మనం చెప్పుకోవలసిన పని లేదు. ఆమె శాస్త్రజ్ఞులను ఆశ్రయించింది. వాంతెనా అనే పండితుని చేత మాల్మెజాన్ మొక్కలను శాస్త్రీయంగా వర్ణింపజేసింది. 1803లో మొదలైన ఆ గ్రంథానికి బొమ్మలు వేసినవాడు పియర్ జోసెఫ్ రెదూతే. తరువాత తోట అధికారిగా వచ్చిన బోన్‌ప్లాన్, హంబోల్ట్‌తో కలిసి దక్షిణ అమెరికా అడవులన్నీ తిరిగిన యాత్రికుడు. వృక్షశాస్త్రజ్ఞులు కూడా ఆమె ఋణం తీర్చుకున్నారు. చిలీ దేశపు జాతీయ పుష్పమైన లాపాజేరియాకు ఆ పేరు ఆమె పుట్టింటి పేరును బట్టి వచ్చినదే.

ఇక గులాబీలు. ఆమె నాటికి ఐరోపా తోటలలో వుండిన ముఖ్యమైన జాతులు అయిదు. మొదటిది గాలికా. పొట్టి పొద, ముదురు గులాబి రంగు పూలు, ఎండినా వాసన విడువని రేకులు. మధ్యయుగాల నుండి మందుల అంగళ్ళవారు దీనిని పెంచేవారు. రెండవది డమాస్కస్ నగరం పేరు మోసే డమాస్క్. అత్తరుకు, పన్నీటికి ఇదే తల్లి. మూడవది ఆల్బా. తెల్లని లేక లేత వన్నె పూలు, బూడిద ఛాయగల ఆకులు, కొంత నీడలోనైనా బ్రతికే ఓర్పు దీని గుణాలు. నాలుగవది సెంటిఫోలియా, అనగా నూరు రేకులది. డచ్చివారి తోటలలో పెంపొందిన ఈ పువ్వు తన రేకుల బరువుకు తానే తలవంచుతుంది. మన ఆయుర్వేద నిఘంటువులలో గులాబికి శతపత్రి అన్న పేరు వుండడం, అంత దూరాన వారికీ ఇక్కడ మనవారికీ ఒకే మాట తోచడం, భాషను ప్రేమించేవారికి ముచ్చట గొలుపుతుంది. అయిదవది దాని నుండే పుట్టిన మాస్ గులాబి. మొగ్గమీద, కాడమీద పచ్చని నాచువంటి నూగు వుండి, తాకితే వేళ్ళకు జిగురు వాసన అంటుతుంది.

ఈ అయిదింటికీ ఒక కొరత వున్నది. డమాస్క్‌లో ఒక శాఖ మాత్రం శరత్కాలంలో మరొకమారు పూస్తుంది. తక్కినవన్నీ ఏడాదికి ఒక్కసారే, వేసవి ఆరంభంలో కొద్దివారాలు విరగబూసి వూరుకుంటాయి. మిగిలిన పది పదకొండు నెలలు ముండ్ల పొదను చూచి సంతోషించవలసిందే. పసుపుపచ్చని పువ్వుగాని, నిప్పువంటి నిక్కమైన ఎరుపుగాని ఈ జాతులలో లేదు.

ఆ కొరత తీర్చే మొక్క చైనాలో వున్నది. అక్కడివారు వేయి ఏండ్లకు పైగా పెంచుతూ వచ్చిన గులాబి నెలనెలా పూస్తుంది. రేకులు కొద్ది, వాసన కొద్ది, కాని పూతకు విరామం లేదు. మొక్క ఒక ఋతువులోనే పూయాలని కట్టడిచేసే జన్యువు ఒకటి ఆ జాతిలో పనిచేయకుండా పోవడమే దీనికి కారణమని నేటి శాస్త్రజ్ఞులు తేల్చారు. ఈ చైనా గులాబీలు ఐరోపా చేరినది ఈస్టిండియా కంపెనీ ఓడలమీద. వాటికి నడుమ మజిలీ కలకత్తా. కనుకనే ఫ్రెంచివారు చాలాకాలం దానిని బెంగాలు గులాబి అని పిలిచారు. శాస్త్రజ్ఞులు సైతం దానికి ఇండికా అని పేరు పెట్టి పొరబడ్డారు. 1793 నుండి ఆ కలకత్తా ఉద్యానవనానికి అధిపతిగా వుండిన విలియం రాక్స్‌బరో, అంతకుముందు మన సామర్లకోటలో ఏండ్ల తరబడి వుండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించినవాడు.

ఒకటి వెంట ఒకటిగా ఎర్రని చైనా గులాబి, లేత గులాబి రంగుది 18వ శతాబ్ది చివర ఇంగ్లండు చేరాయి. 1809లో సర్ ఏబ్రహాం హ్యూం అనే ప్రభువు తెప్పించిన మూడవది అన్నిటికంటె విలక్షణమైనది. తేయాకు పెట్టె తెరచినప్పటి వాసన దానిదని అందరూ అనుకున్నారు. టీ గులాబి అన్న పేరు అట్లా పుట్టింది. ఆనాడు ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు భయంకరమైన యుద్ధం సాగుతూ వున్నది. ఆంగ్ల నౌకలు ఫ్రెంచి రేవులను దిగ్బంధించాయి. నెపోలియన్ ఆంగ్ల సరుకు ఐరోపాలో కాలు పెట్టరాదని శాసించాడు. అటువంటి రోజులలో కూడా లండన్ సమీపాన హామర్‌స్మిత్‌లోని నర్సరీ నుండి మొక్కల పెట్టెలు మాల్మెజాన్‌కు వచ్చేవి. వాటి యజమానులలో ఒకడైన కెనడీకి యుద్ధసమయంలో రాకపోకలకు అనుమతి దొరికేది. 1810లో ఆ టీ గులాబి కూడా అట్లాగే సముద్రం దాటింది. సముద్రంమీద ఫిరంగులు మ్రోగుతూ వుండగా మొక్కకు మాత్రం దారి విడిచారన్న ఈ సంగతి ఆ కాలపు మనుషుల గౌరవాన్ని కొంత నిలబెడుతున్నది.

కాని ఆ గులాబి మాల్మెజాన్ చేరేనాటికి దాని యజమానురాలి జాతకం తిరగబడి వున్నది. చక్రవర్తికి వారసుడు కావాలి. జోసెఫీన్‌కు మరి సంతానం కలుగలేదు. 1809 నవంబరు 30 రాత్రి భోజనానంతరం నెపోలియన్ ఆమెకు తన నిర్ణయం తెలిపాడు. డిసెంబరు నెలలో, అత్తవారి పరివారమంతా చూస్తూ వుండగా, సింహాసనం మేలుకోరి తాను విడిపోతున్నానన్న పత్రాన్ని ఆమె చదువవలసి వచ్చింది. కన్నీరు అడ్డుపడి ఆమె పూర్తిచేయలేకపోతే మిగిలినది వేరొకరు చదివారు. చక్రవర్తిని అన్న బిరుదు, మాల్మెజాన్, నార్మండీలోని నవార్ అనే ఎస్టేటు ఆమెకు మిగిలాయి. మరుసటి వసంతంలోనే నెపోలియన్ ఆస్ట్రియా రాజకుమార్తెను పెండ్లాడాడు. 1811 మార్చి 20న అతనికి కొడుకు పుట్టాడు.

ఇటువంటి అవమానం తరువాత మనుషులు రెండు దారులు పడతారు. కొందరు ద్వేషంతో దహించుకొనిపోతారు. కొందరు పనిలో పడి బ్రతుకుతారు. జోసెఫీన్ రెండవ దారి పట్టింది. చివరి నాలుగున్నర ఏండ్లు ఆమె తోటకు అంకితం చేసింది. దాపరికం ఎందుకు, పొదుపు ఆమెకు ఎన్నడూ తెలియదు. దుస్తులమీద, నగలమీద, బొమ్మలమీద, మొక్కలమీద ఒకే తీరున ఖర్చుచేసింది. మరణించేనాటికి లక్షల ఫ్రాంకుల అప్పు మిగిల్చింది. అయినా ఆ ఖర్చులలో మనవరకు చేరినవి మొక్కలే.

1814 వసంతంలో నెపోలియన్ ఓడిపోయి ఎల్బా ద్వీపానికి వెళ్ళాడు. విజేతలు పారిస్‌లో దిగారు. రష్యా చక్రవర్తి అలెగ్జాండర్ మాల్మెజాన్‌కు వచ్చి ఆమెను గౌరవించాడు. పిల్లల భవిష్యత్తు కోసం ఆమె శత్రురాజులకు విందులు చేసింది, చలిగాలిలో పలుచని దుస్తులతో తోట చూపించింది. జలుబుగా మొదలయినది గొంతు వ్యాధిగా ముదిరి, 1814 మే 29న ఆమె కన్నుమూసింది. ఏబది ఒకటవ ఏడు నిండడానికి ఇంకా నెల కూడా పట్టదు. మాల్మెజాన్‌లో గులాబీలు విరియబోయే రోజులవి. సమీపంలోని ర్యూయిల్ గ్రామపు చర్చిలో ఆమెను సమాధి చేశారు. మరుసటి ఏడు వాటర్లూలో సర్వమూ కోల్పోయిన నెపోలియన్, ఫ్రాన్సును శాశ్వతంగా విడిచే ముందు జూన్ 25 నుండి 29 వరకు ఆ అయిదు రోజులు గడపడానికి ఎంచుకున్న చోటు మాల్మెజాన్. తన రెండవ భార్య ఇల్లు కాదు.

మహాజనుల చుట్టూ కట్టుకథలు అల్లుకొనడం సహజం. జోసెఫీన్ గులాబీలకూ అవి తప్పలేదు. లోకంలో వున్న గులాబులన్నీ ఆమె సేకరించిందని, రెండువందల ఏబది రకాలతో మహా గులాబివనం నాటించిందని, రెదూతే ప్రసిద్ధ గులాబి చిత్రాలు ఆమె ఆజ్ఞతో వ్రాసినవని పుస్తకాలలో చదువుతూ వుంటాము. ఇటీవలి పరిశోధకులు చెప్పేది వేరు. మాల్మెజాన్‌లో గులాబులకంటూ ప్రత్యేకించిన వనం వుండినట్లు ఆధారం లేదు. వాటిలో చాలా భాగం కుండీలలో పెంచి, పూచేవేళ బయట పెట్టేవారు. రెదూతే గులాబి గ్రంథం 1817 నుండి 1824 వరకు వెలువడింది. అంటే ఆమె పోయిన మూడేండ్ల తరువాతనే మొదలయింది. అందులోని పూలు పారిస్ చుట్టుపట్ల అనేక తోటలలోనివి. ఆమె కాలంలోనే ద్యూపాన్ అనే అభిమాని, సేన్‌దెనీలో దెస్మే అనే నర్సరీ యజమాని గులాబి సంపదను పెంచుతూ వున్నారు. ఆ కృషి ఒక్క మనిషిది కాదు.

మరి ఆమె గొప్పతనం ఎక్కడ? ఆమె స్వయంగా ఒక్క కొత్త గులాబిని పుట్టించలేదు. కాని వైద్యులకు, అత్తరు చేసేవారికి చెందినదిగా వుండిన మొక్కను ఆమె అంతఃపురపు అభిమానానికి ఎత్తింది. సామ్రాజ్ఞి మెచ్చినది ప్రభువులు మెచ్చారు, ప్రభువులు మెచ్చినది నర్సరీలవారు పెంచారు. పడమటి శతపత్రులు, తూర్పున నెలనెలా పూచే మొక్కలు ఫ్రాన్సు నేలమీద ప్రక్కప్రక్కన చేరడానికి ఆ అభిమానం దోహదం చేసింది. దూరదేశాల మొక్కలు ఒకచోట కలిస్తేనే గదా కొత్త సంతతి కలుగుతుంది.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. బానిసత్వాన్ని ఫ్రెంచి విప్లవ సభ 1794లో రద్దు చేసింది. అంతలో మార్టినీక్ ఆంగ్లేయుల చేతిలో పడినందువల్ల అక్కడ ఆ రద్దు అమలు కాలేదు. 1802లో ద్వీపం తిరిగి ఫ్రాన్సు వశమయినప్పుడు నెపోలియన్ శాసనం బానిసత్వాన్ని అట్లాగే నిలబెట్టింది. ఆ నిర్ణయానికి జోసెఫీన్ ప్రేరేపించిందని ద్వీపవాసుల విశ్వాసం. చరిత్రకారులకు దానికి గట్టి సాక్ష్యం దొరకలేదు. కాని ఆ తోటల ఆదాయం మీద బ్రతికిన కుటుంబం ఆమెది. ఫోర్ ద ఫ్రాన్స్ పట్టణంలో నిలిపిన ఆమె పాలరాతి విగ్రహానికి 1991లో ఎవరో తల కొట్టివేశారు. 2020లో జనం దానిని పూర్తిగా పడగొట్టారు. పువ్వు అందాన్ని చెప్పేటప్పుడు వేరు ఏ మట్టిలో వున్నదో చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది.

ఆమె తరువాత అర్ధశతాబ్దంలో గులాబి రూపం మారిపోయింది. హిందూ మహాసముద్రంలో ఆనాడు బూర్బోన్ అని, నేడు రీయూనియన్ అని పిలిచే ద్వీపంలో రైతులు పొలాలకు కంచెగా డమాస్క్, చైనా గులాబులను కలిపి నాటేవారు. ఆ కంచెలో రెండు జాతులూ కలిసి తమంతట తామే ఒక కొత్త మొక్కను కన్నాయి. 1819లో దాని విత్తులు పారిస్ చేరాయి. అదే బూర్బోన్ గులాబి. మన పూలబజారుల్లో ఎడ్వర్డ్ రోజా అని అమ్మే సువాసన గల లేత ఎరుపు పువ్వు ఈ వంశానిదే. అమెరికాలో చార్ల్స్‌టన్ పట్టణంలో పుట్టి, గుత్తులుగా పూస్తూ పైకి ప్రాకే నువాజెత్ గులాబి కూడా ఆ రోజులలోనే పారిస్ చేరింది. 1843లో లియాన్ నగరపు నర్సరీ యజమాని బెలూజ్ ఒక లేత వన్నె బూర్బోన్ గులాబిని పుట్టించాడు. దానికి మాల్మెజాన్ జ్ఞాపకం అని పేరు వచ్చింది. ఆ గులాబి నేటికీ తోటలలో పూస్తున్నది. 1867లో అదే నగరంలో గియో అనేవాడు లా ఫ్రాన్స్ అనే గులాబిని లోకానికి ఇచ్చాడు. దానితో హైబ్రిడ్ టీ అనే కొత్త తరగతి ఆరంభమయినదని తోటశాస్త్రం ఒప్పుకుంటుంది. 1900లో పెర్నె దూషే పారసీక గులాబి వంశం నుండి పసుపు వన్నెను ఈ తరగతిలోకి తెచ్చాడు. జపాను ప్రాంతపు గుత్తి గులాబి కలియగా పాలియాంథాలు, వాటికి హైబ్రిడ్ టీలు కలియగా ఫ్లోరిబండాలు పుట్టాయి. చైనా గులాబిలోని మరుగుజ్జు శాఖ నుండి బటన్ రోజాలు వచ్చాయి.

ఈ వంశచరిత్ర తెలిసినవారికి పెరటి తోట వేయడం సులువవుతుంది. గాలికా, ఆల్బా, సెంటిఫోలియా వంటి పాత పడమటి జాతులు చలిని కోరుకుంటాయి. గట్టి శీతకాలం లేని మన కోస్తా ఎండలలో అవి సరిగా పూయవు. కాశ్మీరు, హిమాచలం వాటికి తగిన చోట్లు. చైనా, టీ వంశాలు మాత్రం వేడిని ఓర్చుకుంటాయి. జోసెఫీన్ తోటమాలులు మంచుకు భయపడి గాజుటింట్లో పెట్టి సాకిన టీ గులాబి సంతతి మన ఊళ్ళలో ఆరుబయట నిర్భయంగా పెరుగుతుంది. ఒక కాడకు ఒక పెద్ద పువ్వు కావాలంటే హైబ్రిడ్ టీని, వాకిట గుత్తులుగా నిండుదనం కావాలంటే ఫ్లోరిబండాను, మేడమీద చిన్న కుండీలకు బటన్ రోజాను, పందిరికి తీగ గులాబిని, పూజకు, పరిమళానికి ఎడ్వర్డ్ రోజాను ఎంచుకోవాలి. రంగు చూచి కొనడం కంటె వంశం అడిగి కొనడం మేలు.

పెంచే పద్ధతి కూడా కష్టమైనది కాదు. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. మొదట నీరు నిలువరాదు. బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి చాలు. వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరు ప్రాంతంలో ముదురు కొమ్మలు కత్తిరిస్తే శీతకాలమంతా పూత. అన్నిటికంటె ముఖ్యం, అంటు కట్టిన ముడికి క్రిందనుండి మొలిచే కొమ్మలను ఎప్పటికప్పుడు తీసివేయడం. అవి మీరు కొన్న గులాబివి కావు, దానిని మోసే అడవి మొక్కవి. వదిలితే అవే బలిసి అసలు గులాబిని చంపివేస్తాయి. మంచి అంటు అడవి మొక్కగా మారిపోయిందని చాలామంది వగచేది ఈ జాగ్రత్త లేకనే.

వారసుని కనలేదని జోసెఫీన్‌ను సింహాసనం నుండి దింపారు. ఎవరికోసం ఆమెను త్యజించారో ఆ కొడుకు రాజ్యమేలకుండానే 1832లో ఇరవై ఒక్క ఏండ్లకు మరణించాడు. ఆమె కూతురు ఓర్తాన్స్ కొడుకు మూడవ నెపోలియన్‌గా ఫ్రాన్సును ఏలాడు. కొడుకు యూజీన్ కుమార్తె స్వీడన్ రాణి అయింది. మాల్మెజాన్ భవంతిని వారసులు 1828లో అమ్మివేశారు. పలు చేతులు మారి, 1904లో ప్రభుత్వానికి దానంగా చేరి, అది ఇప్పుడు మ్యూజియంగా వున్నది. తోట భూములు చాలావరకు ముక్కలైపోయాయి. ఆమె కుండీలలోని మొక్కలు ఎక్కడెక్కడికి పోయాయో లెక్క లేదు. అయినా ఆమె అభిమానించిన పడమటి గులాబికి, ఆమె సముద్రం దాటించి తెప్పించుకున్న తూర్పు గులాబికి కలిగిన సంతతి మన వీధి చివర పూలబండిమీద తెల్లవారగానే కనిపిస్తుంది. ఈ కార్తికంలో పెరట్లో ఒక గులాబి అంటు నాటదలచినవారు, దాని పేరు ఒక్కమారు అడిగి తెలుసుకొని మరీ నాటండి.